ఐర్లండ్, బ్రిటన్: తలసరి లెక్క వెనక కథ

పోయిన సెమిస్టర్‌లో ఎకనామిక్స్ ఎలక్టివ్ సెమినార్ కోసం రెండు యూరప్ దేశాల తలసరి జీడీపీని పోల్చమన్నారు. నేను ఐర్లండ్, బ్రిటన్ తీసుకున్నాను. ఎక్సెల్‌లో రెండు గీతలు గీశాక, పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అక్కడే మొదలైంది.

ముందు గ్రాఫ్ సంగతి. 1973లో ఈ రెండు దేశాలూ ఒకేసారి యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాయి. ఆర్థిక చరిత్రకారుడు యాంగస్ మాడిసన్ లెక్కల ప్రకారం, అప్పుడు బ్రిటన్ తలసరి ఉత్పత్తి 100 అనుకుంటే ఐర్లండ్‌ది సుమారు 57. 1990కి అది 72, 1998కి 97. ఆ తర్వాత ఐర్లండ్ గీత బ్రిటన్‌ని దాటేసింది.

ఇదేమీ గాలివాటం గెలుపు కాదు. 1967లో సెకండరీ చదువు ఉచితం చేశారు. కంపెనీల మీద పన్ను తక్కువ పెట్టారు. 2003 నుంచి అది 12.5 శాతం. ఇంగ్లిష్ వచ్చిన యువత, ఎదురుగా యూరప్ మార్కెట్. ఇంటెల్ లాంటి అమెరికన్ కంపెనీలు అక్కడ ప్లాంట్లు పెట్టాయి. ఇంతవరకు నిజమైన ఎదుగుదలే.

2015 దగ్గర మాత్రం నా గీత నిట్టనిలువుగా లేచింది. డేటా తప్పు ఎక్కించానేమో అని రెండుసార్లు చూసుకున్నాను. తప్పు కాదు. ఆ ఏడాది జీడీపీ 26 శాతం పెరిగిందని 2016 జూలైలో ఐర్లండ్ గణాంక శాఖే ప్రకటించింది. పాల్ క్రూగ్‌మన్ దీన్ని ‘లెప్రికాన్ ఎకనామిక్స్’ అని వెక్కిరించాడు. లెప్రికాన్ అంటే ఐరిష్ జానపద కథల్లో బంగారం దాచుకునే పొట్టివాడు.

ఏం జరిగిందో మా హాస్టల్ గది లెక్కలో చెబుతాను. గదిలో నలుగురం, తలా పదివేలు. సగటు పదివేలు. ఒక పెద్దాయన తన వ్యాపారాన్ని మా గది చిరునామాకి మార్చి, నెలకి రెండు లక్షలు ఇక్కడే సంపాదించినట్టు రాశాడనుకోండి. సగటు ఒక్కసారిగా అరవై వేలు! పన్నుగా పాతికవేలు మాకిచ్చి మిగతాది ఆయన పట్టుకుపోతాడు. మాకు లాభమే, కానీ ఆ అరవై వేలు మావి కావు. ఐర్లండ్‌కి అలా వచ్చినవి బహుళజాతి కంపెనీల పేటెంట్లు, ఇతర మేధో ఆస్తులు.

అందుకే 2017లో ఐర్లండే ‘సవరించిన స్థూల జాతీయ ఆదాయం’ అనే కొత్త కొలత తెచ్చుకుంది. ఈ మధ్య ఏళ్లలో అది జీడీపీలో సగానికి కాస్త పైన మాత్రమే ఉంటోంది.

ఇంకో కొలత కూడా చూశాను: ఒక్కొక్కరూ నిజంగా వాడుకునే సరుకులు, సేవలు. ప్రభుత్వం ఇచ్చే చదువు, వైద్యం కూడా ఇందులో కలుస్తాయి. 2019లో తలసరి జీడీపీ చూస్తే ఐర్లండ్ ఈయూ సగటుకి దాదాపు రెండింతలు, బ్రిటన్ సగటుకి కాస్త పైన. వినియోగం చూస్తే తారుమారు: బ్రిటన్ సగటుకి పైన, ఐర్లండ్ కింద!

నాకు ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. మా బ్యాచ్‌లో ఎం.ఎస్.కి డబ్లిన్ అనుకుంటున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం. లోన్ కోసం నాన్నకి చూపించడానికి ఈ గ్రాఫే దాచుకున్నాను. అక్కడే ఉద్యోగం చేస్తున్న సీనియర్ అక్కకి ఫోన్ చేసి, "అక్కా, ప్రపంచంలోనే డబ్బున్న దేశంలో ఉన్నావు కదా" అన్నాను. నవ్వి, "జీతం బాగానే ఉందిరా, అద్దె కట్టాక మాట్లాడు" అంది.

డబ్లిన్ ఆలోచన మానలేదు. నాన్నకి చూపించే కాగితం మాత్రం మార్చాను. ఇప్పుడు దాని మీద జీడీపీ గీత లేదు. జీతం, పన్ను, గది అద్దె, నెలవారీ లోన్ కిస్తీ ఉన్నాయి. మీరూ తలసరి లెక్క ఎక్కడ చూసినా ముందు ఒక ప్రశ్న అడగండి: ఇందులో తలల దాకా చేరేది ఎంత?