ఏమీ కాదనే ముందు

చిక్కడపల్లి

చి.సౌ. చిన్నికి,



నిద్రలో బాబు కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడుతున్నాయని, ఫిట్సేమోనని అడిగావు. నేను నోరు తెరిచేలోపే ఒకరు మామూలే అన్నారు, ఇంకొకరు బాలారిష్టం అన్నారు. చూడకుండా చెప్పిన ఆ రెండు మాటలూ నీకు పనికిరావు. మీ అశోక్‌నగర్ ఎంత దూరమని, నడిచి వచ్చి చెప్పొచ్చు. కానీ అర్ధరాత్రి భయం వేసినప్పుడు నీ దగ్గర ఉండాలని రాస్తున్నాను.

పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని. మూడో వారం పసివాడు, నిద్రలో తప్ప అదురు లేదు, లేపగానే ఆగిపోతోంది, ఆ వెంటనే పాలు బాగా తాగుతున్నాడు అన్నావు. ఇవన్నీ నిజంగా కలిస్తే, అది పుట్టిన కొత్తలో నిద్రలో వచ్చే హానిలేని మయోక్లోనస్ అనే అదురు కావచ్చు. 1982లో అమెరికాలో కౌల్టర్, అలెన్ అనే డాక్టర్లు దీన్ని విడిగా గుర్తించి రాశారు. అరుదైనదే, కానీ మెదడుకు ఏ చెరుపూ చేయదు. చాలామందికి మూడు నెలలకల్లా, దాదాపు అందరికీ ఆరు నెలలకల్లా దానంతటదే పోతుంది. దీన్ని ఫిట్స్ అనుకుని మందులు మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మందుల్లో కొన్ని ఈ అదుర్లను పెంచుతాయి కూడా.

ఇంకో సంగతి. ఉయ్యాల ఊపితే ఇవి ఎక్కువవుతాయి. వాడు అదిరాడని నువ్వు ఇంకాస్త ఊపుతున్నావు, దాంతో ఇంకా అదురుతున్నాడు. ఊపడం ఆపు. చేతులు గట్టిగా పట్టుకున్నా ఆగదు. మెల్లగా లేపి చూడు.

కానీ నేను అనుకున్నంత మాత్రాన అది జబ్బు నిర్ధారణ కాదమ్మా. రేపు వాడికి అదురు వచ్చినప్పుడు లైటు వేసి, దుప్పటి తీసేసి, ముఖమూ ఒళ్లూ రెండూ కనపడేలా ఫోన్‌లో వీడియో తియ్యి. లేపడం, లేపాక ఆగడం కూడా అందులో రావాలి. డాక్టరు ముందు పిల్లాడు హాయిగా కళ్లు తెరుచుకుని ఉంటాడు, నువ్వెంత వర్ణించి చెప్పినా ఆ వీడియో చెప్పినంత చెప్పలేవు. ప్రసవమప్పటి డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లు. రక్తంలో చక్కెర, కాల్షియం తగ్గినా పసిపిల్లలు అదురుతారు, కాబట్టి రక్తపరీక్ష రాస్తే వద్దనకు.

ఈఈజీ రాస్తే భయపడకు. తలకు తీగలు అంటించి మెదడు చేసే పనిని రాసుకుంటారంతే, కరెంటు పెట్టరు, నొప్పి ఉండదు. ముందురోజు తలకు నూనె పెట్టొద్దని బామ్మగారికి చెప్పు, నూనె ఉంటే తీగలు సరిగా అంటవు. పాలు పట్టి, నిద్రపోయే వేళకు తీసుకెళ్లండి. నిద్రలో, అదురు వస్తుండగా తీసిన ఈఈజీయే మనకు కావాలి.

దిష్టి తీస్తామంటే తియ్యనీ, పెద్దవాళ్ల మనసుకు తృప్తి. వస అరగదీసి నాలుకకు రాస్తామన్నా, వాత పెడతామన్నా మాత్రం ఒప్పుకోకు. అక్కడ మొహమాటపడొద్దు.

మెలకువలో అదిరినా, కళ్లు ఒకవైపు నిలిచిపోయినా, పెదాలు నీలంగా మారినా, పాలు మానేసినా, జ్వరం వచ్చినా, లేపితే లేవకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఉంది. ప్రసవంలో పోయిన తన పరిచారికను తలచుకుని నీలోఫర్ యువరాణి పూనుకోగా 1953లో వెలసిన ఆసుపత్రి అది. ఆటోలో వెళ్లేంత దూరమే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 1841లో వెస్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు తన కొడుకు గురించి లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాశాడు. నాలుగో నెలలో పిల్లాడు తల ముందుకు వాల్చడం మొదలుపెడితే, మొదట అదేదో చిన్న అలవాటనుకున్నాడట. అది పెద్ద జబ్బు, ఈనాడు ఆయన పేరుతోనే పిలుస్తారు. అందులో కుదుపులు ఎక్కువగా నిద్ర లేచాక, వరసగా వస్తాయి. స్వయంగా వైద్యుడైన తండ్రికే మొదట అంతుపట్టలేదు. మన ఇంటికి చూడవచ్చినవాళ్లు చెప్పగలరా?

అయితే డాక్టరు పరీక్షించి హానిలేనిదే అన్నాక, ఆ మాట నమ్ము. ఇంకో ఆసుపత్రి, ఇంకో స్కానింగ్ అంటూ తిరగొద్దు. దీనికి మందు లేదు, అక్కర్లేదు. టీకాలు ఆపమని ఎవరైనా అంటే డాక్టర్నే అడుగు, చుట్టాల్ని కాదు. ఆ నిర్ధారణ కాగితం మీద రాయించుకుని ఫైల్లో పెట్టు, రేపు ఇంకెవరైనా హడావుడిగా ఫిట్స్ మందు రాయబోతే చూపించవచ్చు.

వీడియో దొరకగానే నాకు ఫోన్ చెయ్యి. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ