విడిచిన పనికి తిరిగి వచ్చుట

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 13:1–13; 15:36–41; కొలొస్సయులకు 4:10; 2 తిమోతికి 4:9–11.



ఒకప్పుడు జీతపు పని చేసి ఇప్పుడు ఇంటియొద్దనున్న స్త్రీలు మీ సంఘములో ఎందరున్నారో ఒకమారు లెక్కించి చూడుడి. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము చుట్టుపట్ల, ముప్పది నలువది కుటుంబములున్న చిన్న సంఘములలో సహితము అట్టివారు కనబడుదురు. ఒకరు నర్సు శిక్షణ పొందినవారు. ఒకరు ప్రైవేటు బడిలో పాఠములు చెప్పినవారు. ఒకరు తెల్లవారకముందే లేచి కంపెనీ బస్సులో అచ్యుతాపురము వెళ్లి బట్టలు కుట్టినవారు. కాన్పు వచ్చినదనో, అత్తగారు మంచము పట్టినదనో, భర్తకు వేరొక ఊరిలో పని దొరికినదనో వారు పని విడిచిరి. రెండేండ్లలో తిరిగి వెళ్లుదమనుకొనిరి. ఆ రెండేండ్లు ఏడయినవి, పది అయినవి. ఈ నెల పాఠము వారిని గూర్చినది. అయితే మగవారును చదువవలెను, ఏలయనగా ఈ పాఠములో చేయవలసిన పని ఎక్కువగా ఇతరులకే ఉన్నది.

మొదట మార్కు అనబడిన యోహాను సంగతి చూతము. ఇతడు యెరూషలేమువాడు. ఇతని తల్లి మరియ ఇంట విశ్వాసులు కూడి ప్రార్థించుచుండిరని కార్యముల గ్రంథము 12వ అధ్యాయములో ఉన్నది. బర్నబాయు సౌలును మొదటి ప్రయాణమునకు బయలుదేరినప్పుడు మార్కు వారికి సహాయకుడుగా వెళ్లెను. కుప్ర ద్వీపము ఆ చివరనుండి ఈ చివరవరకు వారితో నడిచెను. ఓడ దిగి పంఫూలియలోని పెర్గేకు చేరగానే వారిని విడిచి యెరూషలేమునకు తిరిగి వెళ్లిపోయెను.

ఎందుకు వెళ్లెను? లూకా చెప్పలేదు. కొండదారికి భయపడెనని కొందరు బోధకులు చెప్పుదురు, తల్లి ఇంటి సుఖము గుర్తు వచ్చెనని కొందరు చెప్పుదురు. నేనును ఒకప్పుడు ఆలాగే ప్రసంగించితిని. ఇప్పుడు ఆ మాట అనుటకు నాకు నోరు రాదు. ఇంటినుండి ఏ కబురు వచ్చెనో, అతని దేహస్థితి ఎట్లుండెనో మనమెరుగము. వాక్యము ఊరకున్న చోట మనము తీర్పు చెప్పుట ఎట్లు? మన మధ్య పని విడిచిన స్త్రీని గూర్చియు ఈలాగే జరుగుచున్నది. కారణము అడిగినవారు తక్కువ, కారణము చెప్పువారు ఎక్కువ.

కొంతకాలమునకు రెండవ ప్రయాణము వచ్చెను. బర్నబా మార్కును తీసికొని పోదమనెను. పౌలు ఒప్పుకొనలేదు. పౌలు మాటలోను న్యాయమున్నదని ఒప్పుకొనవలెను. పని కఠినము, దారి ప్రమాదకరము, మరల నడిమధ్య విడిచినయెడల పని చెడును. నేడు ఉద్యోగమిచ్చు యజమానులు చెప్పునదియు ఇదే. బర్నబా మాత్రము పట్టు విడువలేదు. కలహము ముదిరి అంతటి ఇద్దరు మిత్రులు విడిపోయిరి. పౌలు సీలను ఏర్పరచుకొని సిరియ, కిలికియలకు వెళ్లెను. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను.

ఆ కుప్ర అను పేరు దాటిపోకుడి. అది మార్కు మునుపు పని చేసిన చోటు, బర్నబా పుట్టిన దేశము (4:36). ఎరిగిన మనుష్యునితో, ఎరిగిన ఊళ్లలో, ఎరిగిన పనితో అతని రెండవ ఆరంభము జరిగెను.

తరువాత సుమారు పండ్రెండేండ్లకు పౌలు చెరలోనుండి కొలొస్సయులకు వ్రాయుచు, మార్కు మీయొద్దకు వచ్చినయెడల అతని చేర్చుకొనుడని చెప్పెను. అంతకాలము గడచిన తరువాతను ఆ మాట వ్రాయవలసి వచ్చెననగా, పెర్గే సంగతి కొందరి నోట ఇంకను నలుగుచుండెనని నా తలంపు. తుదకు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, మార్కును వెంటబెట్టుకొని రమ్మనియు, పరిచర్యకు అతడు తనకు ఉపయోగపడుననియు పౌలు కోరెను. వద్దన్నవాడే కావలెననెను. ఈ నడిమి కాలములో మార్కు ఎంత కష్టపడెనో వ్రాయబడలేదు, బర్నబా అతని పక్షమున నిలిచిన సంగతి మాత్రము వ్రాయబడినది.

ఇప్పుడు మన ఊరి సంగతి. పేరు వ్రాయను. మా సంఘములోని ఒక సహోదరి పట్టణములోని ఒక ఆసుపత్రిలో 9 ఏండ్లు నర్సుగా పనిచేసెను. అత్తగారికి పక్షవాతము వచ్చినప్పుడు పని విడిచెను. 6 ఏండ్లు ఆ ముసలమ్మను ఎత్తుచు దించుచు, పడక పుండు ఒక్కటైనను రానీయక చూచెను. నర్సు పని తెలిసినవారికి దాని విలువ తెలియును. అత్తగారు ప్రభువునందు నిద్రించిన తరువాత ఆమె మా యింటికి వచ్చి, "అయ్యగారూ, మళ్లీ డ్యూటీకి వెళ్దామనుకుంటున్నానండి, ఎవరితోనైనా ఒక మాట చెప్పగలరా?" అని అడిగెను. నేను, "ఇప్పుడెందుకమ్మా, పిల్లలను చూచుకో, ప్రార్థన చేసుకో" అని పంపివేసితిని. అది భక్తిగల మాటగానే నాకు ఆనాడు తోచెను. ఆమె భర్తకు కూలి పని దొరికిన దినములు కొన్ని, దొరకని దినములు కొన్ని. పెద్దపిల్ల ఇంటర్ చదువునకు డబ్బు కావలసియుండెను. ఇవేవియు నేనడుగలేదు. ఆమె ఒంటరిగా రెండు ఆసుపత్రులకు తిరిగెను. చేయి తప్పినదని ఒకచోట అనిరి. కొత్తగా చేరినవారి జీతమే ఇత్తుమని ఇంకొకచోట అనిరి.

ఈ సంగతి తలంచినప్పుడు నాకు పూర్వపు మిషనరీలు గుర్తు వచ్చుచున్నారు. కెనడా బాప్తిస్టువారు 1874లో కాకినాడలో తమ తెలుగు మిషను ఆరంభించిరి. ఆ దొరలును దొరసానులును కొన్నేండ్లు పనిచేసి, సెలవు తీసికొని స్వదేశమునకు వెళ్లి, నెలల తరబడి అక్కడ ఉండి వచ్చెడివారు. దానిని ఫర్లో అనెడివారు. వారు ఓడ దిగినప్పుడు మన తాతలు దండలతో ఎదురువెళ్లిరి గాని, పని మరచిపోయితిరా అని ఎవరును అడుగలేదు. దొరసానికి చెల్లిన సెలవు మన యింటి కోడలికి ఎందుకు చెల్లదు? ధర్మశాస్త్రములో సహితము ఇట్టి ఏర్పాటున్నది. కొత్తగా పెండ్లియైన పురుషుడు ఒక సంవత్సరము సేనలోనికి పోక ఇంటనుండవలెనని ద్వితీయోపదేశకాండము 24:5 చెప్పుచున్నది. ఇంటికొరకు పనిని ఆపుట పురుషునికి కూడ తగిన సంగతియేనని దీనిని బట్టి తెలియుచున్నది.

మన తెలుగు దేశములో దీనిని చక్కగా గ్రహించినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. ఆమె క్రైస్తవురాలు కాదు, అయినను మనకు నేర్పదగినది ఆమెయొద్ద చాల ఉన్నది. 1909లో రాజమండ్రిలో పుట్టెను. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. స్వాతంత్ర్య పోరాటములో చేరి 1930 తరువాతి కాలములో జైలుకు వెళ్లెను. విడుదలయిన తరువాత, ఆ వయస్సులో ఇతరులు చదువు ముగించి ఇంట కూర్చుండగా, ఆమె చదువు మరల మొదలుపెట్టెను. ప్రైవేటుగా చదివి బెనారసు మెట్రిక్యులేషను, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము, 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టము పొందెను. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో చదువు ఆగిపోయిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలాయెను. ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించెను. నడిమిలో బడి మానిన పల్లెటూరి స్త్రీలు, విధవలు, భర్త విడిచినవారు తక్కువ కాలములో పరీక్ష ప్యాసై ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కావలెనని వాటి ఉద్దేశము. తనకు దారి దొరకినది గదా అని ఆమె ఊరకుండలేదు. వెనుక వచ్చువారికి మెట్లు కట్టించెను.

ఇక చేతిలో ఉండవలసిన కాగితముల సంగతి. ఇది ప్రసంగము వంటిది కాదు గాని, దీనివలననే అనేకులు నష్టపోవుచున్నారు.

కాన్పు వచ్చినదని వెంటనే రాజీనామా వ్రాయవద్దు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమునకు 2017లో చేసిన సవరణ వలన, మొదటి ఇద్దరు బిడ్డలకు జీతముతో కూడిన సెలవు 12 వారములనుండి 26 వారములైనది. కాన్పుకు ముందటి 12 నెలలలో కనీసము 80 దినములు అచ్చట పనిచేసియుండవలెను. ఆ సెలవులో ఉన్నదను కారణమున పనిలోనుండి తీసివేయరాదు. తిరిగి చేరిన తరువాత బిడ్డకు 15 నెలలు నిండువరకు దినమునకు రెండుమారులు పాలిచ్చుటకు వేళ ఇవ్వవలెను. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట శిశుగృహముండవలెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ హక్కులు చేర్చబడినవి. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు ఆ కార్యాలయములోనే అడుగవలెను. అడుగునది కాగితముమీద అడిగి, నకలు దాచుకొనవలెను.

పని విడిచినవారు పి.ఎఫ్. సొమ్ముతోపాటు పింఛను భాగమును కూడ తొందరపడి తీసివేయుట మన ఊళ్లలో పరిపాటి. 1995 నాటి పింఛను పథకములో 10 ఏండ్ల సర్వీసు నిండినవారికి పింఛను హక్కు కలుగును. పింఛను భాగము తీయక ఉంచినయెడల, మునుపు చేసిన ఏండ్లు తరువాత చేయు ఏండ్లతో కూడును. తీసివేసినయెడల మరల ఒకటినుండి లెక్క. కుట్టుపని చేసి వచ్చిన మన చెల్లెండ్రకు ఇది తప్పక చెప్పుడి.

ఉపాధ్యాయినులకు ఒక మంచి కబురు. టెట్ ధ్రువపత్రము పూర్వము 7 ఏండ్లే చెల్లెడిది. అది జీవితకాలము చెల్లునని, 2011 నుండి ప్యాసైనవారికి సహితము వర్తించునని కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రకటించెను. పెట్టె అడుగున పడియున్న ఆ కాగితము పనికిరాదని అనుకొనుచున్నవారు దానిని పైకి తీయవలెను. పదవ తరగతియే ముగించనివారికి 1991లో ఏర్పడిన ఓపెన్ స్కూలు సొసైటీ పరీక్షలున్నవి. 14 ఏండ్లు నిండిన తరువాత ఎంత వయస్సువారైనను వ్రాయవచ్చును. నర్సులు మాత్రము తమ పేరు కౌన్సిలు రిజిస్టరులో గడువు దాటినదేమో ముందుగా చూచుకొనవలెను. పని దొరికిన తరువాత చూచినయెడల ఆలస్యమగును.

ఇంత చెప్పినను, తిరిగి మొదలుపెట్టిన మొదటి నెలలు కష్టమైనవే. మన రైతులకు కార్శి తోట సంగతి తెలియును. చెరకు నరికిన తరువాత వేళ్లు నేలలోనే ఉండును, కొత్త విత్తనము అక్కరలేదు. అయితే మోళ్లను నేలమట్టముగా చెక్కవలెను, చచ్చిన దుబ్బుల స్థానములో మొక్క నాటవలెను, ఎరువు ఆలస్యము చేయక వేయవలెను. పాత వేరున్నది గదా అని నీరు పెట్టక వదలిన రైతును నేను చూడలేదు. పనికి తిరిగి వెళ్లు కోడలిని మాత్రము మనము ఆలాగే వదలుచున్నాము. ఆమె డ్యూటీ ముగించి వచ్చువేళకు పొయ్యి చల్లగా, అంట్లు గుట్టగా ఉన్నయెడల మూడవ నెలలోనే మరల మానివేయును. అప్పుడు, చూచితిరా, చేయలేకపోయినది అందుము.

ఆ నర్సు సహోదరి మాట ముగించవలెను. నేను పంపివేసిన సంగతి మా యింటిలో తెలిసి, నా భార్య నాతో రెండు దినములు సరిగా మాటలాడలేదు. మూడవ దినమున నేనే ఆ సహోదరి ఇంటికి వెళ్లి, తప్పు ఒప్పుకొని, ఆమెను వెంటబెట్టుకొని నేనెరిగిన ఒక డాక్టరుగారియొద్దకు పోతిని. అది చిన్న ఆసుపత్రి. 6 ఏండ్లు ఆమె ఏమి చేసెనో డాక్టరుగారు అడిగిరి. పక్షవాత రోగిని చూచితినని ఆమె చెప్పగా, ఎట్లు త్రిప్పితివి, ఎట్లు తినిపించితివి, మందులేవి అని అర్ధగంట ప్రశ్నించిరి. మొదట వారమునకు 3 దినములు, పగటి పని మాత్రము, 3 నెలల తరువాత జీతము మాటలాడుదమనిరి. కొత్త యంత్రములు నేర్చుకొనుటకు ఆమెకు ఒక నెల పట్టెను. తనకంటె పదేండ్లు చిన్నదానియొద్ద నేర్చుకొనుట మొదట సిగ్గనిపించెనని తరువాత చెప్పెను. ఆమె భర్త అన్నము వండుట నేర్చుకొనెను. కూర ఇంకను నేర్చుకొనుచున్నాడు.

గడచిన క్రిస్మసుకు ముందు వారములో ఆమెకు మొదటిసారి రాత్రి డ్యూటీ పడెను. ఆ వారములో ఆమె భర్త చెరకు నరుకు పనికి వేరే ఊరు వెళ్లియుండెను. ఆ నాలుగు రాత్రులు ఆమె పిల్లలిద్దరు మా యింట పడుకొనిరి.