ఫొటో ఎడిటింగ్ ప్లగిన్లు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?

పోయిన ఏడాది మా అమ్మమ్మ చనిపోయింది. పెద్దకర్మ రోజుకి పటం కట్టించాలి, మంచి ఫొటో ఏదైనా ఉందేమో చూడరా అని అమ్మ అడిగింది. ఇంట్లో ఫోన్లన్నీ వెతికితే పనికొచ్చేది ఒక్కటే దొరికింది. అంతకుముందు ఒక పెళ్లిలో, రాత్రి భోజనాల దగ్గర నేనే ఫోన్‌తో తీసిన గ్రూప్ ఫొటో. అందులో అమ్మమ్మ నవ్వుతోంది. కానీ వెలుతురు తక్కువ, మొహం నిండా నాయిజ్, పక్కనున్న సీరియల్ లైట్ల వల్ల ఒక చెంప మీద ఆకుపచ్చ రంగు.

అరగంట పని అనుకున్నా. నాయిజ్ తగ్గించే స్లైడర్ చివరిదాకా లాగాను, షార్ప్‌నెస్ పెంచాను, పైన ఒక పోర్ట్రెయిట్ ఫిల్టర్ వేశాను. నా కంటికి సూపర్‌గా ఉంది. అమ్మకి చూపిస్తే కాసేపు చూసి, "బాగానే ఉంది కానీ, మా అమ్మలా లేదురా" అంది.

నిజమే. ముడతలు పోయాయి, కళ్ల పక్కన గీతలు పోయాయి, నవ్వు కూడా ఎవరిదోలా అయిపోయింది. ఆ రాత్రి మళ్లీ మొదటి నుంచి చేశాను. అప్పుడు నేర్చుకున్నదే ఈ ఆర్టికల్.

ప్లగిన్ అసలు ఏం చేస్తుంది?

కోడ్ రాసేవాళ్లకి సింపుల్‌గా చెప్పాలంటే ప్లగిన్ ఒక లైబ్రరీ లాంటిది. ఫొటో ఓపెన్ చేయడం, లేయర్స్, సేవ్ చేయడం అన్నీ మెయిన్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. అది పిక్సెల్స్‌ని ప్లగిన్‌కి ఇస్తే, ప్లగిన్ తన లెక్క వేసి మార్చిన పిక్సెల్స్ తిరిగి ఇస్తుంది. అంతే. మామూలు స్మూతింగ్ ఫిల్టర్‌కి ఫొటోలో ఎవరున్నారో తెలీదు. దానికి ముడతైనా, నాయిజ్ అయినా పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడానే. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెప్పాల్సింది మనమే.

ఏ ప్లగిన్ వాడాలి?

ఈ ఫీల్డ్‌లో బాగా తెలిసిన పేరు నిక్ కలెక్షన్. నిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీని 2012లో గూగుల్ కొనింది, 2016లో ఈ ప్లగిన్లని ఫ్రీగా ఇచ్చింది, 2017లో డీఎక్స్‌ఓ చేతికి వెళ్లాయి. ఇప్పుడు కొత్త వెర్షన్లకి డబ్బులు కట్టాలి. మన ఫోన్లలో ఉండే స్నాప్‌సీడ్ కూడా ఆ నిక్ వాళ్లు చేసిందే. అందులో ఒక చోట వేలు పెట్టి ఆ భాగం వరకే మార్చే 'సెలెక్టివ్' టూల్, ఆ ప్లగిన్లలోని కంట్రోల్ పాయింట్స్ ఐడియానే.

నేను వాడింది పూర్తిగా ఫ్రీ కాంబినేషన్: జింప్, దాని మీద జీమిక్ ప్లగిన్. జీమిక్ ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ఉన్న గ్రేక్ అనే రీసెర్చ్ ల్యాబ్‌లో పుట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, వందల ఫిల్టర్లు ఉంటాయి. ఇన్‌స్టాల్ చేశాక జింప్‌లో ఫిల్టర్స్ మెనూలో కనిపిస్తుంది.

స్టెప్ 1: ఒరిజినల్ ఫైల్ జాగ్రత్త

వాట్సాప్‌లో పంపుకున్న కాపీ వద్దు, అది కంప్రెస్ అయి ఉంటుంది. ఫోన్ గ్యాలరీలోని అసలు ఫైల్ తీసుకోండి. జింప్‌లో క్రాప్ చేసి, లేయర్‌ని డూప్లికేట్ చేసుకోండి. పని అంతా పై లేయర్ల మీదే జరగాలి. జీమిక్ విండోలో అవుట్‌పుట్ మోడ్‌ని 'న్యూ లేయర్' అని పెడితే ప్రతి ఫిల్టర్ వేరే లేయర్‌గా వస్తుంది.

స్టెప్ 2: ముందు నాయిజ్

షార్ప్‌నింగ్ ముందు చేస్తే నాయిజ్ కూడా షార్ప్ అవుతుంది. అందుకే నాయిజ్ పని మొదట. ఇది రెండు రకాలు: రంగు చుక్కల్లా కనిపించేది, ఇసుకలా గరుకుగా కనిపించేది. చర్మం టెక్స్చర్, ముడతలు ఎక్కువగా ఉండేది వెలుగునీడల్లో, రంగుల్లో కాదు. కాబట్టి రంగు నాయిజ్‌ని గట్టిగా తగ్గించినా మొహం పాడవదు. జీమిక్‌లో రిపేర్ గ్రూప్‌లో 'స్మూత్ అనైసోట్రోపిక్' తీసుకుని, ఛానెల్ దగ్గర 'క్రోమినెన్సెస్' ఎంచుకోండి. తర్వాత అదే ఫిల్టర్‌ని 'లూమినెన్స్' మీద చాలా కొద్దిగా వేయండి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే, రెండిటినీ కలిపి తుడిచేశాను.

స్టెప్ 3: రంగు, కావాల్సిన చోటే

ఆకుపచ్చ ఉన్నది ఒక చెంప మీదే. ఫొటో మొత్తం మారిస్తే రెండో చెంప గులాబీ రంగుకి తిరుగుతుంది. లేయర్ డూప్లికేట్ చేసి, కలర్ బ్యాలెన్స్‌లో మెజెంటా వైపు జరిపి, నల్ల లేయర్ మాస్క్ వేసి, ఆ చెంప మీద, అటు పక్క జుట్టు మీద మాత్రం తెల్ల బ్రష్‌తో రాశాను. ఎంత జరపాలి? అమ్మమ్మ జుట్టు తెల్లగా కనిపించేదాకా. ఫొటోలో మీకు అసలు రంగు కచ్చితంగా తెలిసిన వస్తువు ఒకటి చూసుకోండి, అదే కొలత.

స్టెప్ 4: ఒపాసిటీ తగ్గించండి

ప్రతి ఫిల్టర్ లేయర్‌ని 100 నుంచి 50 శాతానికి తెచ్చి చూడండి. లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి ఆఫ్, ఆన్ చేయండి. తేడా కళ్లకి కొట్టినట్టు ఉంటే ఎక్కువైనట్టే. అరగంట ఒకే ఫొటో చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది, టీ తాగి వచ్చి మళ్లీ చూడండి.

స్టెప్ 5: సైజు, చివరగా షార్ప్‌నింగ్

క్రాప్ చేశాక నాకు మిగిలింది 1600×2000 పిక్సెల్స్. 8×10 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 200 పిక్సెల్స్ వస్తాయి, బాగానే ఉంటుంది. 12×15 వేయిస్తే 133కి పడిపోతుంది, దగ్గర నుంచి చూస్తే మసకగా కనిపిస్తుంది. అందుకే 8×10కి ఫిక్స్ అయ్యాను. సైజు తేలాకే, 100 శాతం జూమ్‌లో చూస్తూ, కళ్లు, జుట్టు, చీర అంచు మీద మాత్రమే షార్ప్‌నింగ్ ఇచ్చాను. స్క్రీన్ కంటే ప్రింట్ కాస్త డల్‌గా వస్తుంది కాబట్టి ముందు 4×6 టెస్ట్ ప్రింట్ ఒకటి తీయించి, బ్రైట్‌నెస్ కొంచెం పెంచాను. జింప్ ఫైల్‌ని ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకోండి, లేయర్స్ అలాగే ఉంటాయి.

రెండోసారి వచ్చిన ఫొటోలో దగ్గర నుంచి చూస్తే నాయిజ్ ఇంకా కొంచెం ఉంది. చెంప మీద ఆకుపచ్చ కూడా పూర్తిగా పోలేదు. ప్రింట్ అమ్మ చేతిలో పెట్టాను. ఎడిటింగ్ గురించి ఒక్క మాట అనలేదు. "ఇది ఏ పెళ్లిలోరా?" అని అడిగింది.

అక్కడితో ఆపేశాను. మీరూ ఎవరి ఫొటో అయినా ఎడిట్ చేస్తే, ఎక్స్‌పోర్ట్ కొట్టే ముందు ఆ మనిషిని బాగా తెలిసినవాళ్లకి ఒకసారి చూపించండి. వాళ్లు ఎడిటింగ్ గురించి మాట్లాడితే ఇంకా పని ఉన్నట్టు. మనిషి గురించి మాట్లాడితే ఫొటో రెడీ.