తీర్మానం రాశాకే లేవండి

పొద్దున పది గంటలకు మీటింగ్. పన్నెండింటికి అందరూ బయటికొస్తారు. ఏం తేలిందని అడిగి చూడండి. ‘చాలాసేపు చర్చించాం’ అంటారొకరు. ‘గురువారం మళ్లీ కూర్చుంటున్నాం’ అంటారు ఇంకొకరు. పని మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఎనిమిది మంది రెండేసి గంటలు కూర్చున్నారంటే పదహారు గంటల పని ఖర్చయినట్టే. అంటే ఒక ఉద్యోగి రెండు రోజుల జీతం. ఈ ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదు, కాబట్టి లెక్క అడిగేవారూ ఉండరు.

మీటింగ్ నడపడం ఎవరైనా నేర్చుకోగల విద్య. దానికి పెద్ద కంపెనీలో ఉద్యోగం అక్కర్లేదు. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఊళ్లనే చూడండి. వానలు తక్కువ, వేరుసెనగ పండితే పండినట్టు, లేకపోతే అప్పే దిక్కు. అలాంటి చోట 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో మహిళలు పొదుపు సంఘాలు కట్టుకున్నారు. అవి సహకార సంఘాలుగా ఎదిగి మహాశక్తి సమాఖ్యగా ఒక్కటయ్యాయి. వాళ్ల పొదుపే వాళ్లకు అప్పుగా అందుతోంది. ఇంత దూరం రావడానికి పెద్ద పెట్టుబడి కావాలి కదా అనుకుంటాం. నిజానికి పొదుపు సంఘాన్ని నిలబెట్టేది క్రమం తప్పని మీటింగ్. పెద్ద చదువులు లేకపోయినా సభ్యులు తమ మీటింగ్‌లో తమ డబ్బు లెక్క తామే చూసుకుంటారు.

మీటింగ్‌కు ఇంత విలువ ఉందని బ్యాంకులూ ఒప్పుకున్నాయి. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా, సంఘాలను బ్యాంకు అప్పులతో కలిపే లింకేజీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఏ సంఘానికైనా అప్పు ఇచ్చే ముందు బ్యాంకు పంచసూత్రాలు చూస్తుంది. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, సకాలంలో చెల్లింపులు, సరైన పుస్తకాలు. ఈ అయిదింటిలో మొదటిది సమావేశమే. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని మహిళలకు మీటింగ్ రికార్డే పరపతి అయింది.

ఇదే జిల్లాలో పెనుకొండ దగ్గర కియా కార్ల ఉత్పత్తి 2019లో మొదలయ్యాక ఈ ప్రాంతపు పిల్లలు ఎందరో పరిశ్రమల్లో చేరారు. హిందూపురం పారిశ్రామికవాడలో, ధర్మవరం పట్టు వ్యాపారంలో, గ్రామ సచివాలయాల్లో పాతికేళ్లకే పదిమందిని కూర్చోబెట్టి పని మాట్లాడాల్సిన వాళ్లున్నారు. వాళ్ల అమ్మలు సంఘంలో ఏళ్ల తరబడి పాటించిన పద్ధతినే వాళ్లు ఆఫీసులోకి తెచ్చుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

ముందు ప్రశ్న రాయండి

సంఘం మీటింగ్‌కు వచ్చే ప్రతి మహిళకూ ఆ రోజు ఏం తేలాలో ముందే తెలుసు. పొదుపు కట్టాలి, కంతులు వసూలు కావాలి, అప్పు ఎవరికివ్వాలో నిర్ణయించాలి. మన ఎజెండాల్లో మాత్రం ‘దసరా ఆర్డర్లు’, ‘స్టాకు’, ‘ఇతర అంశాలు’ అని ఉంటాయి. వాటి గురించి ఎంతసేపు మాట్లాడినా మాట్లాడొచ్చు. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు.

ఎజెండాలోని ప్రతి అంశాన్నీ ప్రశ్నగా మార్చండి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి ‘దసరా ఆర్డర్లు’ అని రాసే బదులు ‘దసరా ఆర్డర్లకు అదనంగా మగ్గాలు పెట్టాలా, ఉన్న మగ్గాలతోనే సరిపెట్టాలా?’ అని రాస్తే వచ్చేవాళ్లు లెక్కలు చూసుకుని వస్తారు. జవాబు దొరికిందో లేదో అందరికీ తెలుస్తుంది. మీటింగ్‌ల మీద ఏళ్లుగా పరిశోధన చేసిన అమెరికా మనస్తత్వవేత్త స్టీవెన్ రోగెల్‌బర్గ్ సలహా కూడా ఇదే.

ప్రశ్న రాయలేకపోతున్నారా? అయితే మీటింగే అవసరం లేదు. సమాచారం చెప్పడమే పనైతే గ్రూపులో మెసేజ్ పెట్టండి. ఒక్కరితో తేలే విషయమైతే ఫోన్ చేయండి. పెట్టనవసరం లేని మీటింగ్‌ను మానేయడం కూడా మీటింగ్ నడపడంలో నేర్పే.

ఎవరు అవసరమో వాళ్లనే పిలవండి

పొదుపు సంఘంలో పది నుంచి ఇరవై మంది ఉంటారు. అంతకు మించితే ఒకరి పరిస్థితి ఒకరికి తెలియదు, అందరికీ మాట్లాడే వంతు రాదు. నిర్ణయం తీసుకునే ఆఫీసు మీటింగ్‌కు ఏడెనిమిది మందే ఎక్కువ.

పిలిచే ముందు మూడు విషయాలు చూసుకోండి. నిర్ణయించే అధికారం ఎవరిది? ఆ విషయం బాగా తెలిసినవారెవరు? రేపు ఆ పని చేయాల్సిందెవరు? మగ్గాల ప్రశ్నకు యజమాని, నేత పని చూసేవారు, పట్టు కొనేవారు, లెక్కలు చూసేవారు ఉంటే చాలు. మిగతావాళ్లకు తీర్మానం పంపండి. పిలవకపోతే ఏమనుకుంటారోనని ఊరందరినీ కూర్చోబెట్టకండి. నిర్ణయించాల్సిన మనిషి రాలేదని తెలిస్తే వాయిదా వేయండి. ఆయన లేకుండా మాట్లాడిందంతా ఆయన వచ్చాక మళ్లీ మాట్లాడాల్సిందే.

చెప్పిన వేళకు మొదలుపెట్టండి

సంఘం మీటింగ్‌కు రోజు ఖాయం, వేళ ఖాయం. ఆలస్యంగా వచ్చినా, చెప్పకుండా మానేసినా జరిమానా వేసుకునే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఆ డబ్బు కొద్దిగానే ఉంటుంది. కానీ అందరి సమయానికీ విలువుందని ఆ చిన్న జరిమానా చెబుతుంది.

ఆఫీసులో జరిమానా వద్దు. సమయానికి వచ్చినవాళ్లతో మొదలుపెట్టండి చాలు. ఆలస్యంగా వచ్చినవారి కోసం జరిగిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పకండి. అలా చెబితే వేళకు వచ్చినవాళ్లకు శిక్ష వేసినట్టవుతుంది. గంట పెట్టుకుంటే గంటా గడిచిపోతుంది. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతూనే ఉంటుందని బ్రిటిష్ రచయిత సి. నార్త్‌కోట్ పార్కిన్‌సన్ 1955లోనే రాశాడు. గంటకు బదులు నలభై నిమిషాలు పెట్టి చూడండి. షిఫ్టు మొదట్లో మాట్లాడుకునేదైతే నిలబడి పది నిమిషాల్లో ముగించండి.

పెద్ద విషయం ముందు

ఇదే పార్కిన్‌సన్ 1957 నాటి పుస్తకంలో ఒక ఆర్థిక కమిటీ కథ చెప్పాడు. కోటి పౌండ్ల అణు రియాక్టర్‌ను ఆ కమిటీ రెండున్నర నిమిషాల్లో ఆమోదిస్తుంది. గుమాస్తాలు సైకిళ్లు పెట్టుకునే షెడ్డు ఖరీదు 350 పౌండ్లే. దానిమీద మాత్రం ముప్పావు గంట వాదించుకుంటుంది. రియాక్టర్ ఎవరికీ అర్థం కాదు. షెడ్డు అందరికీ తెలుసు, కాబట్టి అందరూ మాట్లాడతారు.

మన దగ్గరా అంతే. వార్షికోత్సవం బ్యానర్ రంగు మీద అరగంట గడుస్తుంది. రావాల్సిన బాకీల దగ్గరికొచ్చేసరికి భోజనాల వేళవుతుంది. సంఘంలో అలా కుదరదు. కంతు కట్టనివారి సంగతి ఆ రోజే, అందరి ముందే తేలాలి. కష్టమైన మాటే అయినా దాటవేస్తే రేపు అందరి పొదుపూ మునుగుతుంది. మీ ఎజెండాలో ఇబ్బందిపెట్టే విషయం ఏదో గుర్తించి దాన్నే మొదట పెట్టండి. అందరి బుర్రలూ చురుగ్గా ఉన్నప్పుడే అది తేలుతుంది. చిన్నవి చివరి పది నిమిషాలకు వదిలేయండి, లేదా ఎవరో ఒకరికి అప్పగించేయండి.

పెద్దవాళ్లు చివర మాట్లాడండి

సంఘంలో మహిళలు గుండ్రంగా కూర్చుంటారు. లీడరుకు ఎత్తు కుర్చీ ఉండదు. అప్పు అడిగే మనిషి తన అవసరం తానే చెబుతుంది. బిడ్డ ఫీజా, ఎద్దుల జతా, ఆసుపత్రి ఖర్చా అని మిగతావాళ్లు అడుగుతారు, తూచి చూస్తారు, ఎవరి అవసరం ముందో తేలుస్తారు.

ఆఫీసులో సారు ముందే అభిప్రాయం చెప్పేస్తే మిగతావాళ్లు తలూపడం తప్ప చేసేదేముంటుంది? అందరికన్నా చిన్న ఉద్యోగి నుంచి మొదలుపెట్టండి. మీరు పెద్ద హోదాలో ఉంటే చివరి మాట మీది కావాలి. కొత్త ఆలోచనలు కావాలంటే మొదటి అయిదు నిమిషాలు ఎవరికి వారు కాగితం మీద రాసుకోమనండి. విడివిడిగా ఆలోచించి కలిపిన ఆలోచనలు గుంపుగా కూర్చుని చెప్పినవాటికన్నా ఎక్కువుంటాయని 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూపింది.

‘ఎవరికైనా అభ్యంతరం ఉందా?’ అని అడగకండి. ఎవరూ చేయి ఎత్తరు. ‘ఈ పని చెడిపోతే ఎక్కడ చెడిపోతుంది?’ అని పేరుపేరునా అడగండి. అప్పుడు భయం లేకుండా నిజం చెప్పే వీలుంటుంది. మగ్గాల విషయంలో ‘మగ్గాలు దొరుకుతాయి సార్, పట్టే టైముకు రాదు’ అనే మాట అక్కడే బయటపడుతుంది. వీడియో మీటింగ్ అయితే ఇది మరీ అవసరం. బెంగళూరు నుంచో అమెరికా నుంచో కలిసినవాళ్లు మైకు ఆపుకుని ఉండిపోతారు. వాళ్లనే ముందు పిలవండి.

పుస్తకంలోకి ఎక్కని మాట గాలికే

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇంకేదీ పాటించలేకపోయినా దీన్ని మాత్రం వదలకండి.

సంఘం మీటింగ్‌లో హాజరు రాస్తారు. ఎవరు ఎంత కట్టారో, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారో, ఎన్ని కంతుల్లో తీర్చాలో రాస్తారు. రాసింది చదివి వినిపిస్తారు. తర్వాత సంతకాలో వేలిముద్రలో పడతాయి. చదువురాని సభ్యురాలికి చెవితో విన్నదే హామీ. ఈ పుస్తకమే రేపు బ్యాంకు ముందుంటుంది. సహకార సంఘాలైతే చట్టం ప్రకారం ఆడిట్ చేసిన లెక్కలను ఏటా సర్వసభ్య సమావేశం ముందు పెడతాయి. అంటే ఇవాళ రాసిన మాటకు రేపు జవాబు చెప్పాల్సిందే.

మన మినిట్స్‌లో ఉండేదేమిటి? ‘సమస్యపై విస్తృతంగా చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవలెనని సూచించడమైనది.’ ఎవరు తీసుకోవాలి? ఏ చర్య? ఎప్పటిలోగా? ఈ మూడూ లేని వాక్యం ఎవరినీ కదిలించదు.

తీర్మానంలో పని, మనిషి, గడువు ఉండాలి. ‘అదనంగా పది మగ్గాలు పెట్టాలి. నేత పని చూసే ఆయన శుక్రవారం సాయంత్రంలోగా మాట్లాడి ఖాయం చేస్తారు. పట్టు ఎంత కావాలో లెక్కలాయన బుధవారం చెబుతారు.’ అంతే. ‘అందరూ చూసుకోవాలి’ అని రాశారంటే ఎవరూ చూడరు. ఒక పనికి ఒకే పేరు ఉండాలి. ఆ మనిషి అక్కడే ఉండి, సరేనని తన నోటితో అనాలి. లేనివారి మీద పని రుద్దడం తీర్మానం కాదు.

చివరి అయిదు నిమిషాలు దీనికోసమే దాచిపెట్టండి. రాసింది పైకి చదవండి. ‘నేనలా అనలేదే’ అనే మాట వస్తే అప్పుడే సరిదిద్దండి. వారం తర్వాత తగువు పడేకన్నా ఇప్పుడే రెండు నిమిషాలు సర్దుకోవడం మేలు. అదే రోజు సాయంత్రంలోగా అందరికీ పంపండి. తర్వాతి మీటింగ్‌ను ఆ తీర్మానాలు చదవడంతోనే మొదలుపెట్టండి. అయినవి కొట్టేయండి. కానివి ఎందుకు కాలేదో అడగండి. నిలదీయడానికి కాదు, అడ్డు ఎక్కడుందో తెలుసుకుని తీసేయడానికి. ఇలా రెండు మూడుసార్లు జరిగిందంటే మీ మీటింగ్‌లో ఒప్పుకున్న పని చేసి తీరాలని అందరికీ అర్థమవుతుంది. మీరు గొంతు పెంచాల్సిన అవసరమే రాదు.

ఈ వారమే మొదలుపెట్టండి

అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఈ వారం మీరు పెట్టాల్సిన మీటింగ్‌లలో ఒక్కటి ఎంచుకోండి. ముందు రోజే దాని ప్రశ్న రాసి పంపండి. అవసరమైనవాళ్లనే పిలవండి. చిన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. పని, మనిషి, గడువు రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే లేవండి.

మీ దగ్గర పనిచేసేవాళ్లు తమ రోజులో కొంత భాగం మీ చేతిలో పెట్టి మీ ముందు కూర్చుంటున్నారు. పొదుపు డబ్బును సంఘం ఎంత జాగ్రత్తగా లెక్కగడుతుందో, ఆ సమయాన్ని మీరూ అంత జాగ్రత్తగా వాడండి. అలా చేసిన అధికారి పిలిస్తే మనుషులు మొక్కుబడిగా రారు, పని తేల్చుకోవడానికి వస్తారు.