కట్టడములకు పాదపీఠము

ప్రాచీన కట్టడమును చూడబోయిన వారి దృష్టి మొదట శిఖరము మీదను, పిమ్మట స్తంభముల మీదను నిలుచును. ఆ భారమంతయు మోయుచున్న పీఠమును పరికించువారు అరుదు. మన ధారూరు, తాండూరు ప్రాంతములలో నాపరాళ్లు పరచిన ఇంటి అరుగు చిన్న పీఠమే. వాననీటిని గోడకు దూరముగా ఉంచుట, ఇంటిని నేలనుండి ఎత్తి చూపుట దాని పనులు. ఈ రెండు పనులనే మహానిర్మాణములలో పీఠము ఎట్లు నెరవేర్చినదో పరిశీలింతము.

గ్రీకులు ఆలయమునకు నాలుగు వైపుల మెట్ల వరుసగా రాతిపీఠమును కట్టిరి. దానిని క్రెపిడోమా అందురు. స్తంభములు నిలుచు పై మెట్టు పేరు స్టైలోబేట్. క్రీ.పూ. 447లో ఆరంభమైన ఏథెన్సు పార్థినాన్ ఆలయమునకు ఇట్టి మెట్లు మూడు గలవు. ఒక్కొక్కటి సుమారు అర మీటరు ఎత్తు. అవి మనుష్యుల అడుగుకు కాక, ఆలయ పరిమాణమునకు తగినట్లు కట్టినవి. కావున ఎక్కుటకు నడుమ చిన్న మెట్లను వేరుగా అమర్చిరి. సమతలముగా కనబడు ఆ పీఠము నిజమునకు మధ్యలో స్వల్పముగా ఉబ్బి యుండును. పొడవు వైపున ఆ ఉబ్బు సుమారు 11 సెంటీమీటర్లు. దానివలన వాననీరు నిలువక జారిపోవును.

పార్థినాన్‌కు ఆధారము కొండరాయి. మన కాకతీయ శిల్పులు మట్టినేలపై పని చేయవలసి వచ్చినది. వారు పునాదిని త్రవ్వి ఇసుకతో నింపి, దానిపై రాతి కట్టడమును నిలిపిరి. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభాల గుడియు, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడియు ఎత్తైన పీఠములపై నిలిచినవి. రామప్ప పీఠము ఎత్తు సుమారు ఆరడుగులు. గోడకు వెలుపల మిగిలిన దాని అంచే భక్తులకు ప్రదక్షిణ మార్గము. గ్రీకు పీఠము స్తంభములకు ఆసనము కాగా, కాకతీయ పీఠము మనుష్యులకు బాట కూడ అయినది.

గోల్కొండ సమాధులలోను ఈ సంప్రదాయము కానవచ్చును. 1612లో మరణించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి విశాలమైన ఎత్తు తిన్నెపై నిలిచి, మెట్లెక్కి వచ్చువారిని ఆహ్వానించును. మతములు వేరైనను, రాతిని నిలబెట్టు విద్య ఒక్కటే.

పీఠము బలహీనమైన పై సౌందర్యమేదియు నిలువదు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపము ఒరిగిపోగా, రాళ్లను ఒక్కొక్కటిగా విప్పి, పునాదిని బలపరచి, మరల పేర్చవలసి వచ్చినది. పని ముగిసి 2024లో అది తెరువబడుటకు సుమారు పదునెనిమిది సంవత్సరములు పట్టినది. శిల్పములను ఛాయాచిత్రములలో బంధించు మనము పునాది చెంత నీరు నిలుచుటను, గోతులు త్రవ్వుటను గమనింపకున్న, పీఠమునకు కలుగు హాని కట్టడమంతటికిని ప్రాకును.

విద్యార్థులారా! ఇకమీదట ఏ గుడికి, ఏ మసీదుకు, ఏ కోటకు వెళ్లినను మొదట పాదపీఠమును చూడుడు. కట్టడము చరిత్ర అచ్చటనే మొదలగును.