ప్రోగ్రామ్ తీసేశాం... పేరెందుకు పోలేదు?



కొండకల్ క్యాంపస్‌లో చదివే మీ పిల్లలు ఇంట్లో ఉబుంటు వాడుతున్నారా? ఈ ఆదివారం ఒక్క అరగంట వారి పక్కన కూర్చోండి. కమాండ్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయించండి.

టెర్మినల్‌లో ‘డీపీకేజీ -ఎల్’ ఇస్తే ప్యాకేజీల జాబితా వస్తుంది. వరుస మొదట ‘ఐఐ’ ఉంటే ఆ ప్యాకేజీ ఉన్నట్టు. ‘ఆర్‌సీ’ ఉంటే ప్యాకేజీ పోయినా సెట్టింగుల ఫైళ్లు మిగిలాయని అర్థం. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసినా గేటుకు వాళ్ల పేరు బోర్డు వేలాడుతున్నట్టే! ‘సుడో ఆప్ట్ పర్జ్’ అని, పక్కన ఆ ప్యాకేజీ పేరు రాస్తే అదీ పోతుంది.

వేరే ప్యాకేజీకి తోడుగా వచ్చి ఇప్పుడు దేనికీ అవసరం లేనివాటిని, పాత కెర్నల్స్‌ను ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ తీసేస్తుంది. డిస్కులో చోటు ఎక్కువగా మిగిలేది దీనితోనే.

జాగ్రత్త! తీసే ముందు కంప్యూటర్ జాబితా చూపి అడుగుతుంది. చదవకుండా ‘వై’ నొక్కనివ్వకండి. పిల్లలకు కావలసిన ప్రోగ్రామ్ అందులో కనిపిస్తే ‘ఎన్’ నొక్కి, ‘సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్’ పక్కన దాని పేరు రాయించండి. ఇక ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకోదు.

పన్నెండో తరగతి పిల్లలు వాడే మైఎస్‌క్యూఎల్‌ను పర్జ్ చేస్తే ప్రాజెక్టు డేటా కూడా పోయే ప్రమాదం ఉంది. ముందు బ్యాకప్ తీయించండి.

ఊడ్చే ముందు చూసుకోవడం ఇంటికైనా, కంప్యూటర్‌కైనా మంచిదే కదా!