పాత మోటారు సైకిలు ముందు చక్రానికి కొత్త బేరింగులు

ఎడ్లబండిని దగ్గరగా చూసినవాళ్లకు కందెన సంగతి తెలుసు. ఇరుసు మీద చక్రం కుండ రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడి తగ్గడానికే కందెన. మోటారు సైకిలుకూ ఇరుసు ఉంది, కుండ స్థానంలో హబ్ ఉంది. అయితే ఆ రెండింటి మధ్య ఉక్కు గోళీలు వచ్చి చేరాయి. రాసుకోవడం పోయి దొర్లడం వచ్చింది. జారే ఘర్షణ కంటే దొర్లే ఘర్షణ చాలా తక్కువని సైన్సు పాఠంలో చదువుకున్నాం కదా, బేరింగు అంటే ఆ పాఠమే.

గురుగ్రామ్ పక్కనున్న ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ 1960ల నుంచి రాజ్‌దూత్‌లు తయారుచేసింది. పోలండ్ బండి నమూనా అది. 1973లో 'బాబీ' సినిమాలో కనబడిన చిన్న బండి కూడా వాళ్లదే. మన తాతయ్యల ఇళ్లలో రాజ్‌దూతో, మద్రాసు బుల్లెట్టో, మైసూరు జావాయో ఇంకా మిగిలి ఉంటే, నాన్నగారి బదిలీలతో పాటు అదీ ఊళ్లు తిరుగుతూ ఉంటుంది.

ఆ ప్రయాణాల వల్లే బేరింగుకు ఒక విచిత్రమైన జబ్బు వస్తుంది. రైల్లో బిగించి కట్టిన బండి చక్రం తిరగదు, కానీ రెండు రోజులపాటు సన్నగా అదురుతూనే ఉంటుంది. గోళీలు దొర్లకుండా ఒకే చోట అటూ ఇటూ రుద్దుకుంటాయి. వాటి కింది గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, లోహానికి లోహం తగిలి గాడిలో చిన్న చిన్న గుంటలు పడతాయి. 1930ల్లో అమెరికాలో రైళ్ల మీద పంపిన కొత్త కార్లకు ఇలాగే జరిగింది. ఒక్క కిలోమీటరూ నడవకముందే వాటి చక్రాల బేరింగులు పాడయ్యాయి. వేల మైళ్లు తిరిగితే పాడవని వస్తువు కదలకుండా ఉంటే పాడైందన్నమాట! ఇక గురుగ్రామ్ చేరాక ఇక్కడి దుమ్ము, వానాకాలంలో రోడ్ల మీద నిలిచే నీళ్లు మిగతా పని పూర్తిచేస్తాయి.

బేరింగు పోయిందని ఎలా తెలుస్తుంది? బండిని సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలో ఉండేలా ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టాలి. ఒక చేత్తో ఫోర్కు పట్టుకుని రెండో చేత్తో చక్రాన్ని తిప్పితే గరగరమనే అదురు ఫోర్కులోకి పాకి చేతికి తెలుస్తుంది. తర్వాత ఫోర్కు కదలకుండా పట్టుకుని టైరును అటూ ఇటూ ఊపాలి. టక్ టక్ అని ఆడితే బేరింగు అరిగినట్టే. ఫోర్కును పట్టుకోకుండా ఊపితే హ్యాండిల్ దగ్గరి బేరింగుల ఆట కూడా కలిసిపోతుంది, తప్పు తేల్చుకునే ప్రమాదం ఉంది. ఆడే ముందు చక్రంతో బండి తిన్నగా పోదు, బేరింగు పూర్తిగా పట్టేస్తే నడిపేవాళ్లు కింద పడతారు. అందుకే ఇది వాయిదా వేసే పని కాదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా మొదలుపెట్టే పని కూడా కాదని మేము గట్టిగా చెబుతున్నాం.

ఇరుసు నట్టు విప్పి, బ్రేకు కేబులు, స్పీడోమీటరు కేబులు తప్పించి చక్రం బయటికి తీస్తాం. బ్రేకు ప్లేటులోని బూడిదరంగు పొడిని నోటితో ఊదకూడదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

హబ్‌లో రెండు వైపులా రెండు బేరింగులు, వాటి మధ్య ఒక స్పేసర్ గొట్టం ఉంటాయి. ఆయిల్ సీలు, ఉంటే లాకు రింగు తీశాక, గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి, రెండో వైపు నుంచి కడ్డీ దూర్చి బేరింగు లోపలి రింగును చుట్టూ కొద్దికొద్దిగా తట్టాలి. ఒకే చోట కొడితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. ఇలా తీసేటప్పుడు దెబ్బ లోపలి రింగు నుంచి గోళీల గుండా బయటి రింగుకు పోతుంది. అందుకే తీసిన బేరింగు బాగున్నట్టు కనిపించినా మళ్లీ వేయరు.

కొత్తది కొనడానికి బండి పేరు చెప్పడం కన్నా రింగు మీద చెక్కిన నంబరు చూపడం మేలు. ఉదాహరణకు 6301 అనుకుందాం. మొదటి 6 అంటే ఒక వరుస గోళీల బేరింగు, 3 దాని బలాన్ని చెప్పే శ్రేణి, చివరి 01 అంటే లోపలి రంధ్రం 12 మి.మీ. ఈ చివరి రెండంకెల లెక్క సరదాగా ఉంటుంది: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మి.మీ. 04 నుంచి మాత్రం అయిదుతో గుణిస్తే చాలు. ఇవి ప్రపంచమంతటా ఒకే కొలతలు కాబట్టి కాకినాడలో రాసుకున్న నంబరుకు గురుగ్రామ్‌లోనూ అదే బేరింగు దొరుకుతుంది. 1946లో జైపూర్‌లో మొదలైన నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్‌కు మన మానేసర్‌లోనూ బేరింగుల ఫ్యాక్టరీ ఉంది.

బిగించేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటే, దెబ్బ గోళీల గుండా పోకూడదు. బేరింగు హబ్‌లో బిగుతుగా కూర్చునేది బయటి రింగుతో. కాబట్టి ఆ రింగుకు సరిపోయే సాకెట్టును ఆనించి దాని మీదే తట్టాలి. అల్యూమినియం హబ్ అయితే భౌతికశాస్త్రం సాయం తీసుకోవచ్చు. 37 మి.మీ. రంధ్రమున్న హబ్‌ను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి గాలితో వేడిచేస్తే రంధ్రం దాదాపు 0.07 మి.మీ. పెరుగుతుంది. అంటే ఒక వెంట్రుక మందం. బేరింగును ముందురోజు రాత్రి సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే అది కొంచెం ముడుచుకుంటుంది. అప్పుడు సుత్తి పని బాగా తగ్గిపోతుంది. పెట్రోలు దగ్గర మంట మాత్రం వద్దు.

ఒక బేరింగు కూర్చున్నాక స్పేసర్ గొట్టం పెట్టి, రెండోది ఆ గొట్టానికి తగిలేదాకా దించాలి. బదిలీ సామాన్లలో పోయేది సరిగ్గా ఈ గొట్టమే, చూడటానికి పనికిరాని పైపు ముక్కలా ఉంటుంది మరి! అది లేకుండా ఇరుసు నట్టు బిగిస్తే రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి నొక్కుకుని గోళీలను పక్కనుంచి పిండేస్తాయి. గొట్టం ఉంటే ఆ బిగుతంతా గొట్టం మీదుగా పోతుంది, గోళీలు హాయిగా దొర్లుతాయి. కొత్త సీళ్లు వేసి, నట్టు బిగించాక చక్రం చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగి తనంతట తాను ఆగాలి. బ్రేకు పడుతోందా అనీ చూడాలి.

ఇక రోడ్డు సంగతి. రాజధాని ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు నడపరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత కూడా మార్పులు వస్తున్నాయి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు తాజా నిబంధన చూసుకోవాలి. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. దాని నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. రోజూ తిరగడానికి కాదు గానీ ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు. అలా నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా పోయి వచ్చాక బ్రేకు డ్రమ్ముకు దూరంగా, ఇరుసు దగ్గర హబ్‌ను జాగ్రత్తగా తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే గోళీలు నలుగుతున్నట్టే. చక్రం మళ్లీ విప్పి, ముందుగా స్పేసర్ గొట్టాన్ని చూడండి.